అల్ హైల్ ఒడ్డున పిట్టకు పెట్టిన రోజు

మస్కట్‌లో నేను పనిచేసిన ఇంగ్లీషు పత్రికకు వారాంతంలో ఒక అనుబంధం ఉండేది. దానికి రాసేదీ నేనే, ఫోటోలు తీసేదీ నేనే. ఇద్దరు చేయాల్సిన పని ఒక్కదాని నెత్తిన రుద్దడం మా ఎడిటర్‌కు వెన్నతో పెట్టిన విద్య. రెండువేల ఏడో ఎనిమిదో, చలికాలం మొదట్లో ఒకరోజు ఆయన నా బల్ల మీద ఒక విదేశీ పత్రిక పడేసి, "ఇది చూడు" అన్నాడు. మెక్సికోలో చనిపోయినవాళ్ల కోసం ఏటా చేసే పండగ గురించిన వ్యాసం. ఒక విలేఖరీ, ఒక ఫోటోగ్రాఫరూ ఊరూరా తిరిగి తెచ్చిన బొమ్మలు. సమాధుల నిండా బంతిపూలు, కొవ్వొత్తులు, పోయినవాళ్లకు ఇష్టమైన రొట్టెలు, మందు సీసాలు, పంచదారతో చేసిన పుర్రెలు. పిల్లలు ఆ పుర్రెల్ని చప్పరిస్తూ నవ్వుతున్నారు.

"మీవాళ్లు కూడా ఇక్కడ పోతూనే ఉంటారుగా. వాళ్లకు ఏం చేస్తారో ఇలాంటిది ఒకటి పట్టుకురా. మంచి రంగుండాలి" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. రంగుండాలట. మావాళ్ల చావుకు ఈ దేశంలో ఉన్న రంగు ఒకటే, విమానంలోకి ఎక్కించే చెక్కపెట్టె రంగు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఉద్యోగం కదా, మింగేసి తలూపి వచ్చాను.

మేముండేది మస్కట్‌లోనే, ఘుబ్రాలో. మా ఆయన అక్కడి ఇండియన్ స్కూల్లో లెక్కల మాస్టారు. మా వీధిలోనే ఒక పెద్దింట్లో పనిచేసే కడప ఆవిడ ఉండేది. ఆమె తల్లి పోతే సెలవు ఇవ్వలేదు. వంటింటి అలమరాలో బియ్యం డబ్బా వెనక తల్లి ఫోటో పెట్టుకుని, ఇంట్లోవాళ్లు నమాజుకు వెళ్లినప్పుడు అలమరా తలుపు తీసి, ఒక చిన్న ప్రమిద వెలిగించి, కాసేపు చూసి ఆర్పేసేది. నేను ఆ అలమరాను ఫోటో తీశాను, ఆమె మొహం రాకుండా. ఎడిటర్ చూసి, "ఇదేమిటి, బియ్యం డబ్బా" అన్నాడు. ఆ రోజు ఆయనతో గట్టిగానే వేసుకున్నాను. అయినా పని ఆపలేదు. శవపేటికలు ఎక్కించే చోట, లేబర్ క్యాంపుల్లో, ఆస్పత్రి బయట బెంచీల మీద, ఎక్కడ తెలుగు వినబడితే అక్కడ ఆగి అడిగేదాన్ని. కొన్నాళ్లకు మావాళ్లలో నా పేరు పాకిపోయింది, చావులు ఫోటో తీసే మేడం అని. మా ఆయన అయితే, "సెలవు శుక్రవారాలు కూడా శవాలేనా నీకు" అనేవాడు. నవ్వుతూ అన్నా అందులో నిజం లేకపోలేదు.

అలా పాకిన పేరు కొండల అవతల, సముద్రానికి దూరంగా ఉన్న బహ్లా దాకా వెళ్లింది. ఒక సాయంత్రం ఫోను వచ్చింది. గొంతు జగిత్యాల వైపుది.

"నమస్తే మేడం. మా తమ్ముడు ఇక్కడ సచ్చిపోయిండు. పిట్టకు పెట్టాలె. మీరొచ్చి ఫోటో దియ్యాలె" అన్నాడు.

ఇన్నాళ్లలో నన్ను రమ్మని పిలిచినవాడు అతనొక్కడే. మిగిలినవాళ్లందరినీ నేనే వెంటపడి బతిమాలుకున్నాను. ఆ శుక్రవారం ఆఫీసు కారు తీసుకుని బహ్లా వెళ్లాను.

ఊరికి అవతల, ఖర్జూర తోటలు దాటాక, కంపెనీ ఇచ్చిన రూమ్. పైన రేకు, నాలుగు గోడలు, ఇనప మంచాలు. ఫోను చేసినాయన సెంట్రింగ్ పని చేసే మేస్త్రి. ముప్పై అయిదేళ్లుంటాయేమో, జుట్టు అప్పుడే సగం నెరిసింది. అందరూ అతన్ని అన్న అనే పిలుస్తున్నారు, నేనూ ఇక్కడ అలాగే చెప్తాను. రూమ్‌లో వంట చేసేదీ, కంపెనీ పికప్ నడిపేదీ ఒకతనే. అతనిది నిర్మల్ దగ్గర. అతనే నాకు టీ పోసిచ్చాడు. ఒక మంచం మీద మాత్రం పరుపు చుట్టి పెట్టి ఉంది. దాని మీద ఎవరూ కూర్చోలేదు, నన్నూ కూర్చోనివ్వలేదు.

తమ్ముణ్ణి ఒమాన్‌కు తెచ్చుకున్నది అన్నే. రెండేళ్లు ఒకే సైట్‌లో, ఒకే రూమ్‌లో ఉన్నారు. ఒక మధ్యాహ్నం అన్నం తిని, కడుతున్న విల్లా నీడలో అందరితోపాటు కాసేపు నడుం వాల్చాడు. డ్యూటీకి లేపితే లేవలేదు. అంతే. జ్వరం లేదు, దెబ్బ లేదు. గుండె ఆగిందన్నారు. శవం ఊరికి చేరేసరికి వారాలు పట్టింది. పెట్టెతోపాటు పోతానంటే అన్నకు కంపెనీ సెలవు ఇవ్వలేదు. ఊళ్లో తమ్ముడి పసి కొడుకు చేత నిప్పు పట్టించారు.

ఇంతవరకు నాకు కొత్త కాదు. ఇలాంటివి వినీ వినీ నా మనసు మొద్దుబారిందనే అనుకునేదాన్ని. ఆ తరవాత అతను చెప్పింది మాత్రం నేను ఎక్కడా వినలేదు.

"మరదలు నమ్ముతలేదు మేడం" అన్నాడు. "పెట్టె దెరిస్తె మొఖం నల్లగయ్యి, ఉబ్బి ఉన్నదట. ఇన్ని దినాలు ఐసులున్నది గద. ఒళ్లంత సుట్టి ఉంటె పెద్దమనుషులు విప్పనియ్యలేదు. ఇది నా మొగడు గాడు అన్నదట. మా పక్కూర్ల ఒగసారి గట్లనే అయ్యింది, ఒగని పెట్టెల ఇంకొగడు వచ్చిండు. అది అందరికి ఎర్కే. అదే వట్టుకున్నది."

"మరి మీరు చూశారు కదా?"

"నేనే మేడం గుర్తువట్టింది. దవాఖానల సంచి విప్పి సూపెట్టిన్రు. నా తమ్ముడు నాకు ఎర్కలేడా? ఫోన్ల చెప్పిన. ఏమన్నదో ఎర్కనా? నువ్వు కంపెనీ చెప్పుమన్నది చెప్తవు బావా, నీకు ఆడ నౌకరి గావాలె గద, అన్నది."

అతను చెప్తుంటే వంటతను తలుపు దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు.

పిట్టకు పెట్టడం అంటే తెలుగువాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. మా కాకినాడ వైపు కూడా ఉన్నదే. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, ఆకులో పెట్టి, దూరం జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయినట్టు. అప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇస్తారు, నీ పిల్లల్ని నేను చూసుకుంటానని, నీ పొలం ఎవరికీ పోనివ్వనని. కాకి ముట్టేదాకా ఇస్తూనే ఉంటారు. ముట్టిన తరవాతే ఇంట్లోవాళ్లు అన్నం తింటారు.

ఊళ్లో పెద్దకర్మ నాడు కాకి ముట్టలేదు. తల్లి మాట ఇచ్చింది, బంధువులు ఇచ్చారు. ఎంతసేపటికీ రాలేదు. అందరూ ఏడుస్తుంటే మరదలు నవ్విందట. బతికున్నోనికి పెడితే పిట్ట ఎందుకు ముడుతది, అని అడిగిందట. గాజులు తీయనివ్వలేదు. పుస్తెల జోలికి వచ్చినవాళ్ల చేతులు విదిలించి కొట్టింది. రోజూ తలస్నానం చేసి బొట్టు పెట్టుకుంటోంది. నాయిన ఎప్పుడొస్తడు అని కొడుకు అడిగితే దసరాకు అని చెప్తోంది.

"ఇప్పటిదాంక ఒక్క సుక్క కన్నీళ్లు పెట్టలేదు మేడం అది" అన్నాడు అన్న. "ఏడ్వాలె. ఏడ్వకుంటె పిచ్చిదైతది. ఇప్పటికే ఊర్ల గట్లనే అంటున్నరు. మొన్న నేను బతిలాడితె ఒక్క మాటకు ఒప్పుకున్నది. ఆయన సచ్చిండంటున్న దేశంల పెట్టుర్రి, ఆడ పిట్ట ముడితె నమ్ముత అన్నది. గని మొగోళ్ల మాట నమ్మదట. ఫోటో గావాలంట. ఎవరన్న ఆడామె సూసి చెప్పాలంట."

అందుకన్నమాట అతను నన్ను పిలిచింది. నాకు కాకుల మీద నమ్మకం ఏమీ లేదు. కానీ మా నాన్నకు పెట్టినప్పుడు కాకి ముద్ద ఎత్తుకుపోగానే మా అమ్మ మొహం ఎలా తేటపడిందో నేను పక్కనే ఉండి చూశాను. నమ్మకం లేదు కదా అని ఆ మొహాన్ని కాదనలేను. సరే పదండి అన్నాను.

తమ్ముడు పడుకుని లేవని చోటే, ఆ విల్లా గోడ పక్కన, ఆకు వేశారు. తోటలో అడిగి తెచ్చుకున్న అరటాకు. అన్నం, తలకాయ కూర, గారెలు, సర్వపిండి, వెల్లుల్లి కారం. ఏమేం పెట్టాలో మరదలే ఫోనులో చెప్పిందట, ఆయనకు ఇష్టమైనవి ఇవీ అని. వంటతను తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గరే ఉన్నాడు. సర్వపిండి గిన్నెకు అంటుకుపోయి సగం మాడింది. మేము దూరంగా నిలబడ్డాం. ముందు పావురాలు వచ్చాయి. తరవాత గోరింకలు. అన్న వాటిని చప్పట్లు కొట్టి తోలాడు. ఆ తరవాత ఎవరిదో మేక ఒకటి గోడ చాటు నుంచి వచ్చి ఆకునే నమలడం మొదలుపెట్టింది. దాన్ని తోలేసరికి ఆకు సగం పోయింది.

"కాకి ఏదీ?" అన్నాను.

వంటతను నా వంక అదోలా చూశాడు. "ఈడ కాకులు యాడియి మేడం? నేనొచ్చినకాంచి ఒక్కటి సూడలే."

ఊళ్లో కాకి ఉందా లేదా చూసుకోకుండా ఆకు వేసుకుని నిలబడ్డారు. చిర్రెత్తుకొచ్చింది. అంతలోనే జాలీ వేసింది. కాకి లేని ఊరు ఉంటుందని మావాళ్లకు తోచదు. నాకు మాత్రం తోచిందా? నా నోరు ఊరుకోదు కదా, "మా మస్కట్‌లో బోలెడున్నాయి. అల్ హైల్ సముద్రం ఒడ్డుకు రండి, కాకులు చేతిలోది లాక్కుపోతాయి" అన్నాను. చనిపోయింది ఇక్కడైతే అక్కడ పెట్టొచ్చా అని వాళ్లలో వాళ్లు కాసేపు తర్జనభర్జన పడ్డారు. చివరికి అన్నే తేల్చాడు. "అది దేశం అన్నది, ఊరు అనలేదు. పోదాం."

మరుసటి శుక్రవారం పొద్దున్నే పికప్‌లో వచ్చారు, అన్నా, వంటతనూ, రూమ్‌వాళ్లు ఇంకొందరూ వెనక కూర్చుని. గిన్నెలు గుడ్డలతో మూతికట్టి, ఆకును తడిగోనెలో చుట్టి తెచ్చారు. అల్ హైల్‌లో వర్క్‌షాపులు దాటి, లేబర్ రూములు దాటి, ఇసుకలోకి దిగాం. నేను చెప్పింది అబద్ధం కాదు. ఆ ఒడ్డున చేపలవాళ్లు వలలు లాగే చోట కవలు చేపల్ని ఇసుక మీద పరిచి ఎండబెడతారు. వాటి చుట్టూ కాకులు, మన ఊరి కాకులే, మెడ దగ్గర బూడిద రంగు. ఇసుక కనపడనంత ఉన్నాయి. వాటిని చూసి అన్న మొహంలో మొదటిసారి ప్రాణం వచ్చింది.

అతను చొక్కాతోనే సముద్రంలో మునిగి వచ్చాడు. నీళ్లు కారుతుండగానే ఆకు పరిచి అన్నీ వడ్డించాడు. తమ్ముడు తాగే సిగరెట్టు వెలిగించి ఆకు పక్కన గుచ్చాడు. మేమంతా వెనక్కి జరిగాం. అప్పుడు ఊరికి ఫోను కలిపి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టి చేతిలో పట్టుకున్నాడు.

"పెట్టినం బిడ్డా" అన్నాడు.

"ఫోటో దీసే అక్క ఉన్నదా?" అవతల గొంతు. చిన్న పిల్ల గొంతు. ఇరవై రెండో, మూడో.

"ఉన్నాను అమ్మా" అన్నాను.

"మంచిదక్కా. నువ్వు సూస్తనే ఉండు."

చూస్తూనే ఉన్నాం. కాకులు వచ్చాయి. రెండు మూడు గెంతుకుంటూ ఆకు దగ్గరిదాకా వచ్చి, తల అటు తిప్పి ఇటు తిప్పి చూసి, మళ్లీ చేపల దగ్గరికే పోయాయి. ఇంకొకటి గారె చుట్టూ ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయింది. నేను కెమెరా కంటికి ఆనించుకునే ఉన్నాను. ముట్టదేం, ముట్టదేం అని లోపల కాకులన్నిటినీ తిడుతున్నాను.

అన్న ముందుకు వెళ్లి ఆకు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తమ్మీ, నీ కొడుకును సదివిపిస్త. నా కొడుకుకు ఏది దెస్తె నీ కొడుకుకు అదే దెస్త. ముట్టు తమ్మీ."

రాలేదు.

"నిన్ను నేనే దెచ్చిన ఈ దేశానికి. నీ మనసుల కోపముంటె నామీద ఉంచుకో. నీ పెండ్లానికి మాత్రం ఇడుపు జెయ్యి. ముట్టు."

రాలేదు. వంటతను వెళ్లి, ఒకసారి కూరలో ఉప్పు గురించి ఇద్దరూ గొడవపడ్డారట, దానికి క్షమించమన్నాడు. ఇంకొకతను ఏం చెప్పాలో తెలియక దండం పెట్టి వచ్చాడు. ఎండ ఎక్కుతోంది. సిగరెట్టు కాలి బూడిదైంది. ఫోనులో అవతల ఎవరెవరో గుసగుసలాడుతున్నారు, వాళ్లను ఆ పిల్ల కసురుతోంది.

"ముట్టిందా బావా?"

అన్న ఆకు వైపే చూస్తున్నాడు.

"ముట్టలే గద" అంది. ఆ గొంతులో సంతోషం. దాచుకోవడానికి కూడా చూడలేదు. "నేను చెప్పలేనా? అందరు నన్ను పిచ్చిది అన్నరు. ఆయన ఉన్నడు బావా. యాడనో ఉన్నడు. ఏ జైల్ల వేసిన్రో, ఏ దవాఖానల ఉన్నడో, నువ్వు దేవులాడు. పెట్టెల అచ్చినోడు ఎవని కొడుకో పాపం, వాని తల్లికి చెప్పాలె."

నేను కెమెరా దించేశాను. భయం వేసింది నాకు, నిజంగా. ఆ ఆశ అలా పెరిగి పెరిగి ఎంతదాకా పోతుందో కళ్ల ముందు కనిపించింది. ఏడాది తరవాత, రెండేళ్ల తరవాత, ఆ బొట్టుతో, ఆ గాజులతో. ఇక్కడికి రమ్మన్నది నేను. కాకులు బోలెడున్నాయని గొప్పలు పోయింది నేను. అన్న ఫోనును తడి చొక్కాకు అదుముకుని అలాగే ఇసుకలో కూర్చుండిపోయాడు.

ఆ ఉక్రోషంలో వంటతని మీద విరుచుకుపడ్డాను. "పొద్దస్తమానం చేపలు మెక్కే కాకులకు మీ గారెలు ఎక్కుతాయా? అవి చేప తప్ప ఇంకొకటి ఎరగవు" అన్నాను.

అతను చిన్నగా అన్నాడు. "వాడు గూడ గంతే అయ్యిండు మేడం ఈడికొచ్చినంక. శుక్రారం చాప లేకుంటె అన్నం దగ్గర కూసోమంటె కూసోకపోవు."

అన్న తలెత్తి అతని వంక చూశాడు. లేచి ఫోను నా చేతికిచ్చి, వలల దగ్గరికి నడిచాడు. అక్కడ ముసలి ఒమానీ ఒకాయన చేపలు పరుస్తున్నాడు. అన్నకు వచ్చిన అరబ్బీ సైట్ అరబ్బీ, పనిముట్ల పేర్లూ పైసల పేర్లూ తప్ప అందులో ఇంకేమీ లేదు. ఆకు వైపు చూపించాడు, ఆకాశం వైపు చూపించాడు, చేతులు జోడించాడు. ఆ ముసలాయన ఏమీ అడగలేదు. రెండు దోసిళ్ల నిండా చేపలు పోశాడు.

వంటతను ఎండిన ఖర్జూరమట్టలు ఏరుకొచ్చి మంట వేశాడు. చేపల్ని రాళ్ల మీద కాల్చారు. ఉప్పు కూడా లేదు. ఆ వాసనకే కాకులు దగ్గరికి జరగడం మొదలైంది. అన్న చేపల్ని ఆకులో అన్నం పక్కన పెట్టాడు. అతను ఇటు తిరిగి నాలుగడుగులు వేశాడో లేదో, ఒక కాకి దిగింది. చేప ముక్కున కరుచుకుని పక్కకు గెంతింది. వెంటనే ఇంకొకటి, ఇంకొకటి. నేను ఫోటో తీశాను. ఒక చేతిలో ఫోను ఉన్నా ఫోటో బాగానే వచ్చింది.

"ముట్టింది" అన్నాడు అన్న. గట్టిగా కూడా అనలేదు.

ఫోనులో ఆ పిల్ల అంది. "నువ్వు గాదు బావా. అక్కకియ్యి."

ఫోను నా చేతిలోనే ఉంది. "చెప్పమ్మా" అన్నాను.

"నువ్వు సూసినవా అక్కా?"

"చూశాను. ఫోటో కూడా తీశాను."

"ఏం ముట్టింది? తలకాయ కూరనా?"

వంటతను అవునను అవునను అని తల ఊపుతున్నాడు. నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే ఏమనేదాన్నో తెలీదు. నోట్లోంచి వచ్చేసింది.

"చేప అమ్మా. కాల్చిన చేప."

"చాపనా?" అంది. మళ్లీ ఆ గొంతు లేచింది. "ఆయన చాపలు తినడక్కా. చిన్నప్పుడు గొంతుల ముల్లు ఇర్కి సావు దప్పింది. మా ఇంట్ల చాపలే వండం. లగ్గమైనకాంచి ఒక్కనాడు ముట్టలే. చూసినవా మరి? అది ఆయన గాదు."

ఆ మాట అందరికీ వినబడింది. వంటతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నన్ను నేను తిట్టుకోవడానికి కూడా టైము లేదు. అన్న నా దగ్గరికి వచ్చి, ఫోను తీసుకోకుండా, నా చేతిలో ఉన్నదానికే మొహం దగ్గరగా పెట్టి మాట్లాడాడు.

"తిన్నడు బిడ్డా. ఈడ తిన్నడు. మొదట్ల తినకపోవు. శుక్రారం అందరం చాపలు దింటుంటె వాడు పచ్చడి మెతుకులు దినెటోడు. నాకు పానం ఆగక ముండ్లు దీసి నేనే వెట్టిన, చిన్నపోరనికి వెట్టినట్టు. అట్ల అలవాటయ్యింది. అటెన్క నాకంటె ఎక్కువ దినెటోడు. ముండ్లు గూడ వాడే దీసుకుంటుండె."

"నాకు చెప్పలే."

"నవ్వుతవని చెప్పలే. ఇంటికి వోయినంక దానితోని చాపల పులుసు వండిపిచ్చుకుంట, అప్పుడు సూస్తది అన్నడు. సచ్చిపోయే వారం ముంగట గూడ అన్నడు. ఏ చాపలైతె బాగుంటయని నన్ను అడిగిండు."

ఫోను ఆగిపోయిందేమో అని చూశాను, ఆగలేదు. వెనక ఎక్కడో పిల్లవాడు ఏదో అడుగుతున్నాడు, ఎవరో ఊరుకోమంటున్నారు. చాలాసేపటికి ఆ పిల్ల మాట్లాడింది. ఈసారి ఎవరితోనూ కాదు, తనలో తనే అనుకున్నట్టుంది.

"అబద్ధమాడాలనుకుంటె తలకాయ కూర అందురు. చాప అనకపోదురు."

ఆ తరవాత ఏడిచింది.

నేను ఎన్నో ఏడుపులు విన్నాను, ఆ పని మీదే తిరిగినదాన్ని. అలాంటిది వినలేదు. ఇన్ని వారాలూ పట్టి ఉంచినదంతా ఒక్కసారే వచ్చింది. ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్లీ మొదలు. నాకూ కన్నీళ్లు ఆగలేదు. ఏడవాలని కోరుకున్నది మేమే, దానికోసమే ఇంతదూరం వచ్చాం, వచ్చాక వింటుంటే ఆ పిల్ల చేతిలోంచి మొగుణ్ణి మేమే లాక్కున్నామనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

వంటతను ఫోను కట్ చేద్దామని చెయ్యి చాపాడు.

"కట్ చెయ్యకు" అన్నాడు అన్న. "ఏడ్వనియ్యి."

నా చేతిలోంచి ఫోను తీసుకుని ఇసుకలో నిలబెట్టాడు. తరవాత గిన్నెల మూతులు విప్పాడు. కాకి ముట్టింది కాబట్టి ఇక తినాలి. పొద్దుటి నుంచి వాళ్లెవరూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. కాగితం పళ్లాల్లో అన్నం, తలకాయ కూర అందరికీ తనే వడ్డించాడు, నాకు కూడా.

"తినుర్రి" అన్నాడు.

కార్డులో డబ్బులు అయిపోయి ఫోను దానంతటది ఆగిపోయేదాకా, ఆ ఏడుపు వింటూ మేము అన్నం తిన్నాం.